బోర్డు మీది ధర

జనవరి 6

అమ్ముడైపోయిందనుకున్న ఇల్లు మళ్ళీ నా నెత్తినే పడింది. పసిపాపతో వచ్చి రెండుసార్లు చూసుకుని, వెనక గదిలో పాప మంచం ఎక్కడ పడుతుందో చేతులతో కొలుచుకుని, ధర కూడా ఒప్పుకుని వెళ్ళిన దంపతులు ఈ రోజు బ్రోకరు చేత చెప్పించారు, వద్దట. ఎందుకని అడిగాను. బ్రోకరు తన తాళాల గుత్తి వంక చూసుకుంటూ, వెనక గదిలో చెమ్మ ఉందని వాళ్ళకెవరో చెప్పారండీ అన్నాడు.

ఎవరో అట. బీరువా జరిపితే తప్ప కనిపించని చెమ్మ అది. నాకు తెలుసు, నా భార్యకు తెలుసు. మూడో మనిషికి తెలిసిందంటే ఆ గోడకు అవతల ఉంటున్నవాడికే తెలియాలి.

అవతల ఉన్నది మా తోడల్లుడు. అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన ఉంటే ముచ్చటగా ఉంటుందని, ఒకే గోడకు అటొకటి ఇటొకటి కట్టిన ఈ జంట ఇళ్ళు కొన్నాం. మామగారు బతికున్నన్నాళ్ళూ "మా పెద్దల్లుడు పెద్దమనిషి" అని అందరికీ చెప్పేవారు. నా గురించి అడిగితే "చిన్నవాడు కూడా మంచివాడే" అనేవారు. ఆ "కూడా"ని నేను ఇంకా మరిచిపోలేదు. అందుకే ఈ డైరీలో వాడి పేరు పెద్దమనిషి.

పెద్దమనిషి నోట్లో నువ్వుగింజ నానదు. పైగా పోయిన వారమే తన ఇంటి ముందు వాడూ అమ్మకం బోర్డు పాతాడు. నా బేరం చెడితే లాభం ఎవరికో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

జనవరి 7

వాడి సంగతి చూస్తాను.

జనవరి 9

మా ఆవిడ ఫోన్ చేసింది. పసిపాప వాళ్ళు వెనక్కి తగ్గారని చెప్పాను. పోనీలే, ఇంకెవరైనా వస్తారు, ధర విషయంలో మరీ బిగుసుకుని కూర్చోకు అంది. పెద్దమనిషి చేసిన నిర్వాకం చెప్పబోతే, ఎవరు చెప్పారో మనకెందుకు, చెమ్మ ఉన్న మాట నిజమే కదా అంది. అక్క మొగుడని వెనకేసుకొస్తోంది. వాళ్ళు రెండోసారి చూడటానికి వచ్చిన ఆదివారం తను కూడా ఇక్కడే ఉంది, ఆ పసిదాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిప్పింది. అంత కష్టపడి కుదుర్చుకున్న బేరం పోతే ఆమెకి మాత్రం మండదా? పైకి చెప్పదు, అంతే.

ఆమెకి వేరే ఊరి ఆసుపత్రి ల్యాబులో పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మా పాప కూడా అక్కడే, అద్దె ఇంట్లో. నాకు మా సూపర్ మార్కెట్ వాళ్ళు ఆ ఊరి స్టోర్‌కి బదిలీ ఇస్తామన్నారు, ఎప్పుడొస్తే అప్పుడు. ఇక మిగిలింది ఇల్లు అమ్మడమే. అక్కడ ఒక ఇల్లు చూసి పెట్టింది. మేడ మీద ఒక గది, రెండు కిటికీలు, పొద్దుటి ఎండ మంచం దాకా వస్తుందట. ఆ ఇంటి ముసలావిడకు పాప నచ్చి, మార్చి దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చింది. ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాప చలికాలమంతా దగ్గుతూనే ఉండేది. అందుకే ఆ ఎండ గదంటే ఆమెకి అంత ఇది.

మార్చి దాకా అంటే చాలా టైముంది.

జనవరి 12

ఈ రోజు స్టోర్‌లో సబ్బుల అర దగ్గర నిలబడ్డప్పుడు నాకు జ్ఞానోదయమైంది.

రెండు కంపెనీల సబ్బులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటే రంగు, ఒకటే వాసన. ఒకదాని మీద పసుపు స్టిక్కర్ వేసి ధర తగ్గించామనుకో, రెండోది అక్కడే దుమ్ము పట్టి కూర్చుంటుంది. దాన్ని ఎవరూ తిట్టరు, ఎవరూ చెడ్డదనరు. చేత్తో తీసుకుంటారు, పక్కదాని ధర చూస్తారు, మళ్ళీ పెట్టేస్తారు. పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. ఏ సరుకు ఎప్పుడు చావాలో స్టిక్కర్‌తో నిర్ణయించేది నేనే.

పెద్దరోడ్డు మీద నుంచి మా వీధిలోకి వచ్చే ప్రతివాడూ ముందు నా గేటు దాటాలి. ఆ తర్వాతే వాడిది.

జనవరి 13

బ్రోకరుని పిలిపించి, ధరలో పదో వంతు కోసేయమన్నాను. నా మొహం వంక అనుమానంగా చూశాడు. బ్యాంకులు వడ్డీ పెంచినప్పటి నుంచి కొనేవాళ్ళు పలచబడ్డారు, నిజమే. కానీ ఒకేసారి ఇంత తగ్గితే ఇంట్లో ఏదో లోపముందనుకుంటారు, మెల్లగా దిగాలి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. వీధిలో ఒక ఇల్లు ఎంత పలికితే మిగతా ఇళ్ళకీ అదే లెక్కట, కొనేవాడికైనా, అప్పిచ్చే బ్యాంకుకైనా.

నాకు కావలసింది అదే.

బోర్డు మీద పసుపు కాగితం అడ్డంగా అంటించాం. "ధర తగ్గింది." అక్షరాలు పెద్దవిగా ఉండాలని నేనే దగ్గరుండి రాయించాను. మధ్యాహ్నం పెద్దమనిషి కారు దిగి ఆ బోర్డు ముందు నిలబడిపోయాడు. కర్టెన్ సందులోంచి చూశాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మామగారు ఉండి ఉంటే బాగుండేది.

జనవరి 20

పెద్దమనిషి ఇల్లు చూడటానికి ఒక కుటుంబం వచ్చింది. నా గేటు దగ్గర ఆగి బోర్డు చదివి, లోపలికి వెళ్ళి, పావుగంటలో బయటికొచ్చి నా తలుపు కొట్టారు. అదే ఇల్లు, ఇంత తక్కువా అని అడిగారు. అవునన్నాను. ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగితే, ఇంకా తేలలేదండీ, సామాను సర్దాలి, ఒకటి రెండు పనులున్నాయి అన్నాను. మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు. చేసినా నేను ఎత్తలేదు.

నేను అమ్మేస్తే బోర్డు పోతుంది. బోర్డు పోతే పెద్దమనిషి బతికిపోతాడు. కాబట్టి కొన్నాళ్ళు అమ్మకూడదు. వాడు దిగివచ్చాక అమ్ముతాను.

సాయంత్రం ఆమె అడిగింది, ఎవరైనా వచ్చారా అని. రాలేదన్నాను. పాప ఫోన్ లాక్కుని, నాన్నా, ఇల్లు పోయిందా అని అడిగింది. పోతుందమ్మా అన్నాను.

జనవరి 27

ముందు వాకిళ్ళ మధ్య మోకాలెత్తు పిట్టగోడ ఒకటుంది. పోయిన ఏడాది దానికి రెండు వైపులా పెద్దమనిషి తనకి నచ్చిన ఆకుపచ్చ రంగు వేయించాడు, నన్నొక మాటైనా అడగకుండా. అప్పటి నుంచి మా మధ్య మాటలు అంతంతమాత్రం.

ఈ రోజు అదే పిట్టగోడ మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, గోడ గురించి ఒకసారి మాట్లాడాలి" అన్నాడు.

బోర్డు దెబ్బ తగిలాక ఇప్పుడు గోడ గుర్తొచ్చింది. రంగు మార్పిస్తానంటాడు, నువ్వు ధర సరిచెయ్యి అంటాడు. వాడి బేరాలు నాకు తెలియవా! మాట్లాడేదేమీ లేదన్నాను. కాదు తమ్ముడూ, ఒక్క ఐదు నిమిషాలు అన్నాడు. తలుపు వేసుకున్నాను.

ఫిబ్రవరి 2

పెద్దమనిషి ధర తగ్గించాడు.

ఫిబ్రవరి 3

నేనూ తగ్గించాను. వాడికంటే ఎక్కువ.

ఫిబ్రవరి 8

పెద్దమనిషి భార్య, మా వదినగారు వచ్చింది. ఒంటరిగా ఉంటున్నానని ఏదో వండి డబ్బాలో పెట్టి తెచ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. చెల్లెలు ఎలా ఉంది, పాప దగ్గు తగ్గిందా అని అడిగింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆ గోడ సంగతి ఆయన మీతో మాట్లాడారా" అంది.

మాట్లాడటానికి ఏముంది వదినగారూ, ఇష్టమొచ్చిన రంగు వేసుకోమనండి అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, చేతికిచ్చాను. తెల్లబోయి చూసి వెళ్ళిపోయింది.

ఆయన, నేను కాస్త తగ్గితే పోయేదేముందని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. తెలుగులో ఇదొక చిక్కు. ధర తగ్గినా తగ్గడమే, మనిషి తగ్గినా తగ్గడమే. నేను మొదటిదే చేస్తున్నాను.

ఫిబ్రవరి 12

పెద్దమనిషి ఇంటికి ఈ వారం ఎవరూ రాలేదు. వాడి బోర్డు గాలికి ఒక పక్కకి ఒరిగింది. సరిచేసుకోలేదు. ఎంత హాయిగా ఉందో.

ఫిబ్రవరి 17

ఈ రోజు జరిగింది రాసుకోవాలి, తర్వాత నాకే అనుమానం రాకుండా.

ఒక బస్సు డ్రైవరు, వాళ్ళమ్మ వచ్చారు. అతను గదులు చూస్తున్నంతసేపూ ఆవిడ వంటింటి కిటికీ దగ్గరే నిలబడింది. గట్టు మీద చెయ్యి పెట్టి, ఇక్కడ నిలబడితే వీధి చివరిదాకా కనిపిస్తుంది, వీడు డ్యూటీ దిగి రావడం చూడొచ్చు అంది. వెనక గది కూడా చూశారు. బీరువా జరపమని అడగలేదు.

బేరం ఆడలేదు. బోర్డు మీద ఎంతుందో అంతా ఇస్తామన్నారు. బ్యాంకు కాగితం కూడా చేతిలోనే ఉంది, నెలలోపు రిజిస్ట్రేషన్ అన్నారు. బ్రోకరు మొహం వెలిగిపోయింది. రెండేళ్ళ కిందటైతే ఇలాంటి వాళ్ళు వారానికి ముగ్గురు వచ్చేవారట, ఇప్పుడు వీధంతా గాలించినా ఒకళ్ళు దొరకరట. వదులుకోవద్దండీ అని నా చెవిలో గొణిగాడు.

నేను ఆలోచించుకోవాలన్నాను.

ఏం ఆలోచించాలని అతను అడిగాడు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలన్నాను. ఫోన్ చేసి మాట్లాడండి, కూర్చుంటామన్నాడు. ఆమె డ్యూటీలో ఉంటుంది, ఎత్తదు అన్నాను. అబద్ధం. ఆదివారం ఆమెకి సెలవు.

ఆ ముసలావిడ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అమ్మే ఉద్దేశం లేనప్పుడు బోర్డెందుకు బాబూ" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది.

అమ్మే ఉద్దేశం లేకపోవడమేమిటి? ఉంది. ముందు వీడి పని అయిపోవాలి.

ఫిబ్రవరి 18

బస్సు డ్రైవరు కొనివుంటే ఆ చెమ్మ గదిలో వాళ్ళమ్మే పడుకునేది. ఒకరకంగా ఆవిడకి మంచే చేశాను.

మార్చి 3

స్టోర్‌లో మూలింటి టైలరమ్మ కనిపించింది. బిళ్ళ బిస్కెట్లు తీసుకుంటూ నన్ను చూసి పక్క వరసలోకి తిరిగింది. నేనే వెళ్ళి పలకరించాను. కుట్టుపనికి కొత్త మిషన్లు కొనుక్కోవడానికి ఇంటి మీద అప్పు అడిగిందట. బ్యాంకువాళ్ళు వీధిలోకి వచ్చి, నా బోర్డు ఫోటో తీసుకుని, ఆమె ఇంటి విలువ అంతకే కట్టి వెళ్ళారట. మీ ఇల్లు మీ ఇష్టం, మేమేం చేశామండీ అంది.

బిస్కెట్ల పొట్లాలు సర్దుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక మాత్రం చాలా జవాబులు తోచాయి. పెద్దమనిషి ఊరుకుని ఉంటే నాకీ అవసరం వచ్చేదా? అడగాల్సింది వాణ్ణి.

వీధిలో ఇప్పుడు మా జంట ఇళ్ళకి జనం రావడం పూర్తిగా ఆగిపోయింది. పక్కపక్కన రెండు బోర్డులు, రెండింటి మీదా పసుపు కాగితాలు, వారం వారం దిగే ధరలు. ఈ రెండు ఇళ్ళ కింద పామో దెయ్యమో ఉందనుకుంటున్నారని బ్రోకరు చెప్పాడు. స్టోర్‌లోనూ అంతే. స్టిక్కర్ మీద స్టిక్కర్ వేస్తే జనం డబ్బాని పైకెత్తి అడుగున తారీకు చూస్తారు.

మార్చి 10

ఆమెకి తెలిసిపోయింది.

తను ఎన్నిసార్లు అడిగినా నేను ఎవరూ రాలేదంటున్నానని, ఆమే బ్రోకరుకి ఫోన్ చేసింది. ఆ మహానుభావుడు దాచడానికి ఏమీ లేదనుకుని అన్నీ చెప్పాడు. ఎత్తని ఫోన్లు, బస్సు డ్రైవరు, వాళ్ళమ్మ, అంతా.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అక్కడి ముసలావిడ ఇంక ఆగలేనని ఆ ఎండ గది ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేసిందని చెప్పింది. బస్సు డ్రైవరుకి నువ్వు సరేనని ఉంటే ఈపాటికి మనం అక్కడ ఉండేవాళ్ళం అంది. మార్చి దాకా అని మాటిచ్చింది కదా అన్నాను. నెల రోజుల నుంచీ ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది, నేను ఏం చెప్పను, ఎవరూ రాలేదనే చెప్పాను, నువ్వు నాకు చెప్పినట్టే అంది.

అప్పుడు నేను అంతా కక్కేశాను. పెద్దమనిషి మన బేరం చెడగొట్టాడని, దానికి బదులు తీర్చుకోవద్దా అని.

"వాళ్ళకి చెప్పింది నేను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

"ఆ పసిదాన్ని ఎత్తుకుని వెనక గదిలోకి వెళ్ళాను. వాళ్ళమ్మ అక్కడే మంచం వేస్తామంది. మన పాప ఆ గదిలో ఎలా దగ్గేదో నాకు తెలుసు. బీరువా వెనక చూసుకోమని చెప్పాను. నీతో అంటే గొడవ చేస్తావని అనలేదు. చెప్పకపోవడం నాదే తప్పు. కానీ ఇన్నాళ్ళూ నువ్వు ఆ ఇంట్లో కాపురం చేసింది నాతో కాదు, పాపతో కాదు. బావతో."

ఫోన్ పెట్టేసింది. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. కిటికీలోంచి వీధి చివరిదాకా కనిపిస్తుంది, నిజమే. ఎవరూ రావడం లేదు.

మార్చి 11

పక్కవాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకున్నాడట వెనకటికొకడు. ముక్కు ఎలాగూ పోయింది. పక్కవాడు ఆ రోజు బయల్దేరనే లేదని తెలిస్తే ఎలా ఉంటుందో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు.

మార్చి 14

వాడు చెప్పలేదు. సరే.

అయినా చెప్పగలిగినవాడే.

మార్చి 17

బ్రోకరు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మీ ఇంటికి బోర్డు మీది ధరకి ఒక పార్టీ ఉంది, బేరం లేదు, వెంటనే రిజిస్ట్రేషన్ అన్నాడు. ఎవరని అడిగాను. తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పక్కింటాయన అన్నాడు.

పెద్దమనిషి.

నేను నెలల తరబడి నూరిన కత్తి, పిడి వాడి చేతికిచ్చినట్టయింది. ఈ చుట్టుపక్కల ఇంత చవకగా ఇల్లు లేదు. చవక చేసింది నేను. ఇప్పుడు నా బోర్డు తనే పీకేసి, నా ఇల్లు తనే తీసుకుని, రెండూ కలిపి తీరిగ్గా అమ్ముకుంటాడు. ఇవ్వనన్నాను. ఎవరికైనా ఇస్తాను గానీ వాడికివ్వను.

బ్రోకరు తల గోక్కుంటూ, బోర్డు మీద రాసి పెట్టాక ఫలానావాళ్ళకి కాదని రాయలేదు కదండీ అన్నాడు.

ఆమెకి ఫోన్ చేశాను. వాడికివ్వడం కంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడం నయం అన్నాను. ఇంటి కాగితాల మీద నా సంతకం కూడా ఉంది, ఆదివారం వస్తున్నాను, నువ్వు ఇంట్లో ఉండు, చాలు అంది.

మార్చి 21

ఒకటి మిగిలింది.

వాళ్ళకి చెప్పింది ఆమె. అంటే పెద్దమనిషికి చెమ్మ సంగతి తెలియదు. వాడు బీరువా జరిపి చూసేవాడు కాదు, తోడల్లుడి ఇల్లు కదా, సిగ్గుపడతాడు. స్టోర్ నుంచి వస్తూ రంగు డబ్బా, పుట్టీ తెచ్చాను. ఊడుతున్న పెచ్చులు గీకి, పుట్టీ పట్టించి, రెండు పూతలు వేశాను. గోడ పెళ్ళికొడుకులా ఉంది. బీరువా మళ్ళీ దాని ముందుకి తోశాను.

కొనుక్కోనీ. వానలు పడగానే ఆ గోడ వాడి మొహాన పెచ్చులు రాలుస్తుంది. అప్పుడు వాడి పక్కన నేను ఉండను.

మార్చి 24

అయిపోయింది.

ఆమె పొద్దున బస్సుకి వచ్చింది. పాప నన్ను చూసి, నాన్నా నీకు గడ్డం వచ్చింది అంది. ఆమె ఇల్లంతా ఒకసారి తిరిగి చూసింది. వెనక గదిలో కొత్త రంగు వాసనకి ఆగి, నా చేతి గోళ్ళ వంక చూసింది.

మా భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నాం. ఒక వైపు మేమిద్దరం, ఎదురుగా పెద్దమనిషి, వదినగారు. బ్రోకరు కాగితాలు పరిచాడు. పెద్దమనిషి తల వంచి, కళ్ళద్దాలు సర్దుకుని, ప్రతి పేజీ చదువుతున్నాడు. నేను కలం పట్టుకుని వాడి నడినెత్తి వంక చూస్తూ కూర్చున్నాను. జుట్టు బాగా పలచబడింది.

అప్పుడు నాకొకటి తట్టింది. వానలు పడి పెచ్చులు రాలినప్పుడు నేను ఇక్కడ ఉండను. వాడి మొహం ఎలా మాడిపోతుందో చూడలేను. ఇంత చేసి అది కూడా చూడలేకపోతే ఎందుకు? చూడాలంటే ఇప్పుడే చెప్పాలి. అందుకే చెప్పాను. ఆమె నా వంకే చూస్తోంది కాబట్టి చెప్పానని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు.

"వెనక గది గోడకి చెమ్మ ఉంది. మొన్ననే రంగు వేసి కప్పేశాను" అన్నాను.

బ్రోకరు కళ్ళు మూసుకున్నాడు. పెద్దమనిషి తలెత్తాడు. నేను ఆ మొహం వంక ఆశగా చూశాను. ఏమీ మాడలేదు.

"తెలుసు తమ్ముడూ. మా వైపు బీరువా వెనక కూడా అదే. ఒకటే గోడ కదా."

పాప పక్క గదిలో తలుపు తీస్తూ వేస్తూ ఆడుకుంటోంది.

తర్వాత వాడే చెప్పాడు. వాడు బోర్డు పాతిన వారంలోనే ఒక పార్టీ వచ్చి, ధర కుదిరాక చెమ్మ అని వెనక్కి పోయారట. నేనే చెప్పి ఉంటానని వాడూ అనుకున్నాడట, కొన్నాళ్ళు. మేస్త్రీని పిలిపించి చూపిస్తే, రెండు ఇళ్ళ నీళ్ళ గొట్టం ఆ గోడ మధ్యలోంచే దిగుతోంది, ఒక వైపు తవ్వితే లాభం లేదు, రెండు వైపులా ఒకేసారి తీయాలి అన్నాడట. వారం పని.

"గోడ గురించి మాట్లాడాలని నీ దగ్గరికి వచ్చాను. నువ్వు తలుపేసుకున్నావు. మీ వదినని పంపాను. డబ్బా కడిగి ఇచ్చావంది. ఇక నువ్వు ఒప్పుకోవు, నీ వైపు గోడ కూడా నాదైతే తప్ప పని జరగదని తెలిసింది. అందుకే కొంటున్నా."

"మీరు అన్నది పిట్టగోడ గురించి అనుకున్నాను" అన్నాను.

వదినగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నవ్వలేదు.

సంతకాలు అయిపోయాయి. గుమ్మం దగ్గర పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. విదిలించుకుందామనుకున్నాను. మా రెండు బీరువాలు ఇన్నేళ్ళూ ఒకే మచ్చకి వీపులు ఆనించి నిలబడ్డాయని గుర్తొచ్చి చెయ్యి అలాగే ఉంచనిచ్చాను. కాసేపే.

ఏప్రిల్ 7

కొత్త ఊరు. అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. పాప గదికి ఒకటే కిటికీ, ఎదురుగా ఇంకో బిల్డింగు, ఎండ రాదు. ఆమె నాతో మాట్లాడుతోంది, ఉప్పు అయిపోయింది, నీళ్ళ బిల్లు వచ్చింది లాంటివి. ఆ ఎండ గది ఇంటి మీదుగానే పాప బడి బస్సు వెళ్తుంది. బస్సెక్కించి వచ్చేటప్పుడు నేను అటు తిరిగి చూడను.

ఇక్కడి స్టోర్‌లో మొదటి రోజే స్టిక్కర్ల మిషన్ నా చేతికిచ్చారు.

ఏప్రిల్ 28

పెద్దమనిషిని తిట్టుకుందామని కూర్చున్నాను. ఏమీ తట్టలేదు. చెయ్యి తిరిగినవాడికి ఉన్నట్టుండి కుంచె పోయినట్టుంది.

మే 19

వదినగారు ఫోన్ చేసిందట. బట్టలు మడత పెడుతూ మా ఆవిడ చెప్పింది. గోడ రెండు వైపులా తవ్వి, గొట్టం మార్చి, పూర్తిగా ఆరాక బోర్డులు పెట్టారట. రెండిళ్ళూ వెంటవెంటనే పోయాయి. మన వైపు ఇల్లు ఆ పసిపాప వాళ్ళే కొన్నారు. వెనక గదిలోనే మంచం వేశారట.

ఎంతకు పోయిందో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

మే 20

అడగలేదు.

మే 21

అడిగాను.

మడత పెట్టిన బట్టలు అరలో సర్దుతూ, వెనక్కి తిరగకుండా చెప్పింది. "జనవరిలో వాళ్ళు మనతో ఒప్పుకున్న ధరకే."

మే 26

సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే పక్క ఇంటాయన, బనీను మీద తువ్వాలు వేసుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ మెట్ల మీద ఎదురైతే తల ఊపడమే గానీ మాట్లాడుకోలేదు. ఏమనుకోకండి, గోడ గురించి ఒకసారి మాట్లాడాలి అన్నాడు.

ఆ మాట వినగానే తలుపు గడియ మీద చెయ్యి వేశాను. మొన్న మేకు కొట్టినందుకా, పాప బంతి ఆడుతున్నందుకా, మేం వచ్చి రెండు నెలలైనా కాకుండానే పెత్తనం మొదలెట్టాడా అని నోటిదాకా వచ్చింది. వెనక ఆమె వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది.

లోపలికి రమ్మన్నాను. కుర్చీ చూపించాను.

ఏ గోడండీ అని అడిగాను.